రేగడి మీద ఊరు

ఫ్రిస్కో, టెక్సాస్

ఒరేయ్ శివయ్యా,

నిన్నగాక మొన్న కట్టిన ఊరికి చరిత్రేముంటుందిరా అని ఫోన్లో ఎకసెక్కమాడావు. ఉంది, విను. ఇక్కడ ప్రెస్టన్ రోడ్డని ఒకటుంది. ఇప్పుడు రెండువైపులా షాపులే. ఒకప్పుడది పశువుల మందల్ని ఉత్తరానికి తోలుకెళ్ళిన దారి. దాని పక్కన మెరక మీద లెబనాన్ అనే ఊరుండేది. 1902 ప్రాంతంలో రైలొచ్చింది. అప్పటివి ఆవిరి ఇంజన్లు కదా, మధ్యమధ్య ఆగి నీళ్ళు పట్టుకోవాలి. మెరక మీద కుదరక రైల్వేవాళ్ళు నాలుగు మైళ్ళు పడమరగా, నీళ్ళున్న పల్లంలో మజిలీ పెట్టారు. దాంతో లెబనాన్ వాళ్ళు కొందరు ఇళ్ళకిళ్ళే దుంగల మీదికెక్కించి, దొర్లించుకుంటూ రైలు దగ్గరికి తెచ్చుకున్నారట! చెక్క ఇళ్ళు గనక సరిపోయింది. మన మట్టిగోడలైతే పొలిమేర దాటేవా? ఆ రైల్వే పూర్తి పేరు సెయింట్ లూయిస్–శాన్ ఫ్రాన్సిస్కో. జనం ఫ్రిస్కో అనేవాళ్ళు. ఊరికీ అదే ఖాయమైంది.

ఆ తర్వాత చాలాకాలం పత్తీ ధాన్యమూ రైలెక్కించే చిన్న ఊరే. 1990లో జనం 6,138 మంది. 2000కి 33,714. 2020 లెక్కల్లో 2,00,509! ఈసారి రైలు కాదు, డాలస్ నుంచి ఉత్తరానికి పాకిన టోల్‌వే తెచ్చింది జనాన్ని. డాలస్‌కీ ఇక్కడికీ మధ్యనున్న రిచర్డ్‌సన్‌లో టెలికాం కంపెనీలు, ప్లేనోలో పెద్దపెద్ద ఆఫీసులు. వాటిలో పనిచేసేవాళ్ళు ప్లేనో దాటొస్తే కాస్త చవగ్గా ఇల్లొచ్చేది. బడుల కోసం వచ్చినవాళ్ళూ తక్కువేం కాదు. ఒకే పెద్ద హైస్కూలు కట్టకుండా చిన్నవి ఎక్కువ కట్టడం ఇక్కడి పద్ధతి. మనవాళ్ళు ముందు బడి హద్దు చూసి, ఆ తర్వాతే ఇల్లు చూస్తారు. శనివారం హనుమంతుడి గుడికెళితే నాకు అమెరికాలో ఉన్నట్టే అనిపించదు. ఊరు పెరిగి పెరిగి ఆ పాత లెబనాన్నీ కలిపేసుకుంది. ఇప్పుడు లెబనాన్ అంటే ఒక రోడ్డు పేరు.

అసలు నీకు చెప్పాల్సింది నేల సంగతి. ఇది నల్లరేగడిరా! అచ్చం మన పెదనందిపాడు చేలే. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీద కాంక్రీటు పరిచి ఇళ్ళు లేపారు. ఆగస్టు వచ్చేసరికి పునాది పక్క మట్టి ఎండి, గోడకూ నేలకూ మధ్య నా వేలు దూరేంత సందు పడింది. పడగ్గది తలుపు పట్టేస్తే చాలు, పునాది కదిలిందేమోనని మావాడికి కంగారు. ఇంటిచుట్టూ చిల్లుల పైపు పరిచి, టైమర్ పెట్టి, పొద్దున్నే నీళ్ళు వదులుతున్నాడు. మొక్కలకనుకునేవు, పునాదికి! వ్యవసాయం మనకొద్దురా అని చదివించి పంపిన కొడుకు ఇంటికి తడులు పెడుతుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ నీళ్ళూ ఈ ఊరివి కావు, చాలావరకు లావన్ లాంటి జలాశయాల నుంచి రావాల్సిందే. పచ్చికకైతే ఫలానా రోజే పెట్టాలని ఆంక్షలు. నీళ్ళు చూసుకుని వెలిసిన ఊరు ఇంత పెరిగేటప్పుడు నీళ్ళ లెక్క ఎవరు చూసుకున్నారో నాకైతే అంతుబట్టలేదు.

మనవైపు కాలువ వదిలారా? మా చేనుకు ఒక తడి నువ్వే దగ్గరుండి పెట్టించు. డబ్బులు వచ్చాక ఇస్తా.

నీ,
కోటయ్య