తెరువని తలుపు చెప్పు మాట

తలుపు తెరువలేదన్న మాట యొక్కటియే గాని, తెరువకపోవుటకు గల కారణములు పెక్కులు. ఇంట నెవరును లేకపోవచ్చును. ఇల్లుండియు కావలివాడు లేకపోవచ్చును. కావలివాడుండియు మనలను గుర్తింపకపోవచ్చును. లేదా మనము తట్టినది పరుల తలుపు కావచ్చును. దూరమున నున్న లినక్స్ సర్వరులోనికి ప్రవేశింపబూనువారికి ఈ నాలుగవస్థలును తటస్థించుచుండును. వీనిని వేరుపరచి తెలిసికొనుటయే యీ విద్యలో సగము.

లినక్స్ 1991వ సంవత్సరమున ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ గారిచే నారంభింపబడినది. దూరపు యంత్రములతో మాటలాడుటకు పూర్వము టెల్నెట్ అను పద్ధతి వాడుకలో నుండెను. అందు రహస్యపదము సైతము పోస్టుకార్డుమీది వ్రాతవలె నెల్లరకు కనబడునట్లు పోవుచుండెను. 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయమున రహస్యపదములు దొంగిలింపబడగా, అచటి పరిశోధకులైన తాతు ఇల్యోనెన్ గారు మాటలన్నిటిని గూఢలిపిలో పంపు ఎస్.ఎస్.హెచ్. పద్ధతిని నిర్మించిరి. దాని ద్వారసంఖ్య 22. 1999 నుండి ఉచితముగా లభించుచున్న ఓపెన్ ఎస్.ఎస్.హెచ్. అను రూపమే నేడు లినక్స్ యంత్రములలో సాధారణముగా వాడబడుచున్నది.

గడచిన వేసవి సెలవులలో మేము ఆదిలాబాదు జిల్లా ఉట్నూరులో నుంటిమి. మా పాఠశాల సర్వరు కరీంనగరమున నున్నది, నడుమ గోదావరి. ఉట్నూరు ప్రాంతపు కూలివాని కుమార్తె, మా వసతిగృహమున నుండి పదవతరగతి ముగించిన బాలిక, పాలిటెక్నిక్ ప్రవేశమునకై తన చదువు వివరములను మరునాటి సాయంత్రములోగా నందజేయవలసి యుండెను. ఆ వివరములు సర్వరులో నున్నవి. వానిని చూచు నధికారము ప్రధానోపాధ్యాయులకును మాకును మాత్రమే కలదు.

మధ్యాహ్నము మేము ప్రయత్నింపగా, చాలసేపటికి 'కనెక్షన్ టైమ్డ్ అవుట్' అని వచ్చెను. ఇది మౌనము. పంపిన కబురు చేరలేదు, లేదా ఫైర్‌వాల్ దానిని బదులు పలుకక మ్రింగివేసినది. ఇట్టి తరి రహస్యపదమును మార్చుట వ్యర్థము. దానిని మననెవరును అడుగనే లేదు గదా. ముందు మనవైపు ఇంటర్నెట్ సరిగా నున్నదో లేదో చూచుకొని, పిమ్మట అవతలివారిని విచారింపవలెను. విచారింపగా, గాలివానకు కరీంనగరమున కరెంటు పోయినదని తెలిసెను.

'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అని వెంటనే వచ్చినచో నది మౌనము గాదు, ప్రత్యుత్తరము. యంత్రము మేల్కొనియే యున్నది గాని, ఆ ద్వారమున కావలి ప్రోగ్రాము లేదని సాధారణముగా దాని యర్థము. అది నిలిచిపోయినదో, వేరు ద్వారమునకు మార్చబడినదో అచ్చటివారిచేత చూపించుకొనవలెను. 'పర్మిషన్ డినైడ్' అని వచ్చినచో, కావలివాడు మన మాట వినెను గాని మన పేరునో తాళపుచెవినో యంగీకరింపలేదు. తాళపుచెవి సరియైనదే యైనను, సర్వరులో దాని పట్టిక యున్న ఫోల్డరును ఇతరులు మార్చుటకు వీలున్నచో కావలివాడు నమ్మడు. ఆ ఫోల్డరునకు 700, పట్టికకు 600 అను అనుమతులుంచుట వాడుక. ఎచ్చట నాగిపోయెనో తెలియనప్పుడు, ఎస్.ఎస్.హెచ్. ఆజ్ఞకు చిన్న గీతయు 'వి' యను ఆంగ్లాక్షరమును చేర్చినచో, అది ప్రతి మెట్టును చెప్పుచు పోవును.

రాత్రి యెనిమిది గంటలకు కరెంటు వచ్చెను. మరల ప్రయత్నింపగా మా యంత్రము నాలుగవ మాట చెప్పెను: అవతలి యంత్రపు గుర్తు మారినది, జాగ్రత్త! బాలిక తండ్రి గుమ్మముకడ కూర్చుండి యుండెను. పాత గుర్తును చెరిపివేసి, రహస్యపదమిచ్చి లోనికి పొండని ప్రక్కనున్నవారొకరు సలహా చెప్పిరి. అది నిమిషము పని. మేమట్లు చేయమైతిమి.

యొర్దాను రేవులకడ గిలాదువారు దాటవచ్చినవారిచేత షిబ్బోలెతు అను మాటను పలికించి చూచిరని న్యాయాధిపతుల గ్రంథమున చదివియున్నాము. అచట దాటువానికే పరీక్ష. ఈ విద్యలోనైతే రేవు కాచువాడు సహితము ముందుగా తన గుర్తును మనకు చూపవలెను. ఆ గుర్తు తప్పినప్పుడు రహస్యపదమిచ్చుట, బడిపిల్లలందరి వివరములున్న పెట్టె తాళమును ఎరుగనివాని చేతిలో పెట్టుటయే.

సర్వరు గుర్తును మేము మొదటనే ఒక నోటుపుస్తకమున వ్రాసి వెంటనుంచుకొంటిమి. కరీంనగరములోని కంప్యూటరు ఉపాధ్యాయునికి ఫోను చేసి, సర్వరు ముందర కూర్చుండి దాని గుర్తును తెరపైకి తెప్పింపుమని, మా పుస్తకములోనిదానిని అక్షరమక్షరముగా చదివితిమి. "సార్, మీరు చదివినదే యిక్కడను ఉన్నది" అని అతడు చెప్పెను. మా తెరపైనున్నది మాత్రము వేరు. అనగా సర్వరు మారలేదు. మేము తట్టుచున్నది వేరొక తలుపు! కరెంటు తిరిగి వచ్చినప్పుడు రౌటరు చిరునామాలను క్రొత్తగా పంచిపెట్టెను. సర్వరు పాత చిరునామా ప్రయోగశాలలోని మరియొక లినక్స్ యంత్రమునకు పోయెను. బయటినుండి వచ్చు కబురులు మాత్రము పాత చిరునామాకే పంపబడుచుండెను. అతడు ఆ చిరునామాను రౌటరులో సర్వరు పేర స్థిరపరచి, యంత్రములను మరల ప్రారంభించెను. తొమ్మిదింబావునకు మా తెరపై పూర్వపు గుర్తే కనబడెను. అప్పుడు ప్రవేశించితిమి. బాలిక వివరములు ఆ రాత్రియే అచ్చయి తండ్రి చేతికందెను.

2008లో నెలకొల్పబడిన బాసర ట్రిపుల్ ఐటీ వంటి విద్యాలయములకు పోగోరు విద్యార్థులు మీలో పలువురు గలరు. రేపు మీరును ఇట్టి యంత్రములను కాచువారగుదురు. కనుక మూడు మాటలు చెప్పుచున్నాము. తొందర యెంతయున్నను, యంత్రము చెప్పిన మాటను అక్షరము విడువక కాగితముపై వ్రాసికొని, ఆ పిమ్మటనే చేయి కదల్పుడు. దూరమునుండి ద్వారపు అమరికలను మార్చునప్పుడు, తెరచియున్న సంబంధమును మూయకుడు; వేరొక కిటికీనుండి క్రొత్తగా ప్రవేశించి చూచిన మీదటనే దానిని మూయుడు. సర్వరు గుర్తును పుస్తకమున వ్రాసి యుంచుకొనుడు. ఇంత దూరపు విద్యకును ఆనాటి రాత్రి సాక్ష్యము చెప్పినది ఆ యొక్క పంక్తియే.