గ్యారేజీలో నిప్పు

మిషిగన్‌లో జనవరి వచ్చిందంటే మా ఎమర్జెన్సీ విభాగంలో తలనొప్పులు ఎక్కువవుతాయి. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, నీరసం. ఫ్లూ రోజులు కాబట్టి వచ్చినవాళ్లూ ఫ్లూయే అనుకుంటారు, చూసేవాళ్లూ ఫ్లూయే అనుకుంటారు. జ్వరం లేని ఫ్లూ నా ముందుకొస్తే మందు రాసేముందు ఒకటి అడుగుతాను: "ఇంట్లో గానీ గ్యారేజీలో గానీ వేడికి ఏం వాడుతున్నారు?"

గ్యారేజీ మాట ప్రత్యేకంగా ఎందుకంటే, డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైనవాళ్లకి రోజు గడిచేది అక్కడే. రంపం మిషను, లేత్, విప్పి పెట్టిన పాత ఇంజను, గోడకి వరసగా పనిముట్లు. ట్రాయ్, నోవై ప్రాంతాల్లో స్థిరపడిన మన తెలుగువాళ్లకీ ఈ ఇష్టం అంటుకుంది. వినాయక చవితికి మండపం, సంక్రాంతికి బొమ్మల కొలువు మెట్లు, పిల్లల రోబోలు, అన్నీ గ్యారేజీలోనే తయారవుతాయి. వివరాలు కొంత మార్చి చెబుతున్న మొదటి కేసు బొమ్మల కొలువుదే.

ఇండియా నుంచి తల్లి వచ్చిందని కొడుకు కొలువు మెట్లు చేయడానికి పూనుకున్నాడు. బయట మైనస్ 15 డిగ్రీలు. తలుపు దించేసి, సిలిండర్ బిగించే ప్రొపేన్ హీటరు వెలిగించి, సాయంత్రమంతా ప్లైవుడ్ కోశాడు. రాత్రికి ముగ్గురూ మా దగ్గరికి వచ్చారు. కొడుక్కి తలనొప్పి, ఆరో నెల గర్భిణి అయిన కోడలికి వాంతులు. అందరికన్నా ఎక్కువ నలిగిపోయింది గ్యారేజీలో అడుగే పెట్టని తల్లి. "కడుపులో తిప్పేస్తోంది బాబూ, కాళ్లలో సత్తువ లేదు" అంది.

ఆమె పడుకున్న గది సరిగ్గా గ్యారేజీ మీద ఉంది. చలికాలంలో ఇంట్లోని వేడిగాలి పైకి లేచి పైకప్పు సందుల్లోంచి బయటికి పోతుంది. ఆ లోటు తీర్చుకోవడానికి ఇల్లు కిందనుంచి గాలి లాక్కుంటుంది. గ్యారేజీ ఇంటికి ఆనుకుని ఉంటే అక్కడి గాలి తలుపు సందుల్లోంచి, పైపుల చుట్టూ ఉన్న కంతల్లోంచి గదుల్లోకి వస్తుంది.

వేలికి తగిలించే ఆక్సిమీటరు ముగ్గురికీ 99 చూపించింది. కార్బన్ మోనాక్సైడ్‌తో అసలు చిక్కు ఇదే. రంగులేదు, వాసన లేదు. ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ని పట్టుకుంటుంది. మామూలు ఆక్సిమీటరుకి ఆ రెంటికీ తేడా తెలియదు. రక్తం తీసి కార్బాక్సీహిమోగ్లోబిన్ (ఈ వాయువు పట్టుకున్న హిమోగ్లోబిన్) ఎంతుందో కొలిస్తేనే బయటపడుతుంది. మామూలు గాలి పీలుస్తూ కూర్చుంటే ఆ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో నూరు శాతం ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర చాలు. కోడలిని మాత్రం అధిక పీడనంలో ఆక్సిజన్ ఇచ్చే హైపర్‌బారిక్ చాంబర్ ఉన్న ఆసుపత్రికి పంపాం. పిండం రక్తంలో ఈ వాయువు తల్లి రక్తంలోకన్నా ఎక్కువగా పేరుకుంటుంది, నెమ్మదిగా వదులుతుంది. కొడుక్కి తన తల్లి విషయంలో ఇంకో జాగ్రత్త చెప్పాను. కోలుకున్నట్టే కనిపించి, కొన్ని వారాలకి మతిమరుపు, నడకలో తేడా, మనిషి తీరులో మార్పు వచ్చే ప్రమాదముంది, వస్తే వెంటనే తీసుకురమ్మని.

"దానికి సేఫ్టీ సెన్సార్ ఉంది డాక్టరు గారూ, ఇళ్లలో వాడొచ్చని డబ్బా మీద రాసుంది" అన్నాడు కొడుకు. ఉన్న మాటే. కానీ ఆ సెన్సారు చూసేది ఆక్సిజన్‌ని. గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్ 18 దగ్గరికి పడితే మంట ఆర్పేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌ని అది కొలవదు. బర్నరులో రంపపు పొట్టు చేరి మంట సరిగా మండకపోతే, ఆక్సిజన్ అంత పడకముందే ఈ విషం గదిలో చేరుతుంది. చెక్కపని చేసేచోట పొట్టు చేరకుండా ఉంటుందా?

అలాగని చలిలో పని మానెయ్యమని నేనెవరికీ చెప్పను. కొయ్యబారిన వేళ్లతో రంపం మిషను దగ్గర నిలబడటం కూడా ప్రమాదమే. 1918లో డాక్టర్ ఆలిస్ హామిల్టన్ ఇండియానా రాష్ట్రం బెడ్‌ఫర్డ్‌లో, గాలి సుత్తులతో సున్నపురాయి చెక్కేవాళ్లని పరీక్షించారు. వాళ్ల వేళ్లు తెల్లగా పాలిపోయి మొద్దుబారడానికి సుత్తి అదురుతో పాటు చలీ కారణమని ఆమె రాశారు. శాండర్లు, గ్రైండర్లు గంటల తరబడి పట్టుకునే మా పేషెంట్లలో ఇప్పటికీ ఆ తెల్లవేళ్లు చూస్తున్నాను. వాళ్లకి వెచ్చని గది వైద్యంలో భాగమే. ఆ వేడి ఎక్కణ్ణించి వస్తోందన్నదే నా పేచీ.

మంటే లేకపోతే చాలని కూడా అనలేం. ఎలక్ట్రిక్ హీటరు పెట్టుకుని, వెచ్చదనం పోకుండా తలుపులన్నీ మూసి, పాత కుర్చీకి రంగు ఊడదీస్తూ కూర్చున్న ఒక పెద్దాయన తల తిరిగి పడిపోయాడు. ఆసుపత్రికి వచ్చాక కూడా ఆయన రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతూనే ఉంది. ఆ రంగు తీసే మందులోని మెథిలీన్ క్లోరైడ్‌ని మన కాలేయమే కార్బన్ మోనాక్సైడ్‌గా మారుస్తుంది. 2019లో అమెరికా పర్యావరణ సంస్థ అలాంటి మందుల్ని ఇళ్లలో వాడకానికి అమ్మడం నిషేధించింది గానీ, పాత డబ్బాలు అటకల మీద ఇంకా ఉన్నాయి. ఆ ఆవిరి మంటకి తగిలితే ఊపిరితిత్తుల్ని కాల్చే ఫాస్‌జీన్ పుట్టే వీలుంది. రంగులు, మందులు వాడేరోజు ఎంత చలైనా తలుపు తెరవాల్సిందే, ఫ్యాను పెట్టాల్సిందే.

కాలిన గాయాల సంగతి రాయాలంటే చేతులాడవు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. నేలమీద పాకుతూ పోయి మూలనున్న హీటరులో ఎప్పుడూ వెలుగుతుండే పైలట్ మంటని అందుకుంటుంది. గ్యారేజీలో నిప్పు పుట్టించే ఏ పరికరమైనా నేలకి 18 అంగుళాల ఎత్తున ఉండాలని ఇక్కడి నిబంధన అందుకే.

నన్ను అడిగినవాళ్లకి నేను చెప్పేది ఇది. ముందు గోడలకి, పైకప్పుకి, పెద్ద తలుపుకి ఇన్సులేషన్ వేయించండి, సందులు మూయించండి. తర్వాతే హీటరు కొనండి. చేతిలో డబ్బుంటే మినీ స్ప్లిట్ హీట్ పంపు మేలు. మంట ఉండదు, ఎర్రగా కాలే తీగ ఉండదు, చలిదేశాల కోసం చేసిన రకాలు మైనస్ 25 దాకా పనిచేస్తాయి. ఫిల్టరులో పొట్టు తరచూ దులపాలి, అంతే. అంత పెట్టలేకపోతే పైకప్పుకి బిగించే 240 వోల్టుల ఎలక్ట్రిక్ హీటరు. 5,000 వాట్లది ఒక్కటే 20 ఆంపియర్లకు పైగా లాగుతుంది కాబట్టి దానికి విడిగా లైను ఎలక్ట్రీషియన్ చేతే వేయించాలి. చిన్న 1,500 వాట్ల హీటరు ఎక్స్‌టెన్షన్ తీగకి తగిలించవద్దు. గ్యాసే కావాలంటే మండటానికి గాలిని బయటినుంచి తీసుకుని, పొగని బయటికే వదిలే సీల్డ్ రకం మాత్రమే. మంట పీల్చే గాలి, మనిషి పీల్చే గాలి ఒకటి కాకూడదు. పొగగొట్టం లేని ప్రొపేన్ హీటర్లు, కిరోసిన్ హీటర్లు మూసిన గ్యారేజీలో వద్దే వద్దు. పనిముట్లంటే ప్రాణమిచ్చేవాళ్లకి ఇంకొకటి కూడా చెబుతాను: కిలో ప్రొపేన్ మండితే ఒకటిన్నర లీటర్లకు పైగా నీరు ఆవిరిగా గదిలోకి వస్తుంది. ఆ తడి మీ ఉలుల మీదే వాలుతుంది.

ఇది చలిదేశపు బాధ అనుకోకండి. మన ఊళ్లలో బాలింత గదిలో తలుపులు బిగించి పెట్టే బొగ్గుల కుంపటి, గాలి ఆడని బాత్‌రూములో గ్యాస్ గీజరు చేసేది ఇదే పని. అమెరికాలో అగ్నిప్రమాదాలతో సంబంధం లేకుండా ఏటా 400 మందికి పైగా ఈ వాయువుకి బలవుతున్నారనీ, లక్షమందికి పైగా ఎమర్జెన్సీ గదులకు వస్తున్నారనీ అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతోంది.

కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకున్నామన్న ధైర్యం కూడా పూర్తిగా పనికిరాదు. ఇక్కడి ప్రమాణం ప్రకారం గాలిలో ఈ వాయువు 70 పీపీఎం (పది లక్షల పాళ్లలో 70) దగ్గర ఉంటే మోగడానికి గంట నుంచి నాలుగు గంటల దాకా గడువుంది. అయినా పడకగదుల దగ్గర, ముఖ్యంగా గ్యారేజీ పైగదిలో అది ఉండి తీరాలి. వెనక ముద్రించిన గడువు తేదీ ఈరోజే చూడండి. తలనొప్పి ఇంట్లో ఉంటే వచ్చి, బయటికి వెళ్తే తగ్గుతుంటే, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తుంటే, అందరూ బయటికి వచ్చేసి 911కి ఫోన్ చేయండి. డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి, గ్యారేజీలో ఏం వెలిగించారో. కార్బాక్సీహిమోగ్లోబిన్ పరీక్ష చేయమని అడగండి.