పాత పాటే పాడమంటే

రాయవేలూరులోగాని, గుడియాత్తంలోగాని పాటకచేరీ జరిగితే మనవాళ్ళు చీటీ పంపుతారు, ఘంటసాల పాట ఒకటి పాడమని. చుట్టూ తమిళం వినబడే చోట ఆ ఒక్క పాటకు ప్రాణం లేచివస్తుంది. నేనూ పంపుతూంటాను. కాని పాడేవాని సంగతేమిటి? ఎల్లకాలం పాతవే అప్పజెప్పవలసిందేనా?

ఇంగ్లండులో 'వైర్' అనే రాక్ బృందానికీ ఈ చిక్కే వచ్చింది. 1976లో లండనులో పుట్టిన ఆ బృందం, పంక్ సంగీతం జోరుమీదున్న 1977లో 'పింక్ ఫ్లాగ్' అనే తొలి రికార్డు వేసింది. సుమారు 35 నిమిషాలలో 21 పాటలు! చెప్పవలసిన మాట అయిపోగానే పాట ఆపేయడమే వారి పద్ధతి. మరుసటి ఏడే ఆ దూకుడు వదలి, సింథసైజరు చేర్చి కొత్తదారి పట్టారు. 1979 నాటి మూడవ రికార్డు పేరు '154'. అప్పటికి తాము చేసిన కచేరీల లెక్క అది.

కొన్నాళ్ళు విడిపోయి, 1985లో మళ్ళీ కలిశారు. 1987లో అమెరికా వెళ్ళినప్పుడు పాత పాటలు తాము ముట్టుకోలేదు. 'ఎక్స్ లయన్ టేమర్స్' అనే వేరే బృందాన్ని వెంటబెట్టుకొని, ముందుగా వారిచేత 'పింక్ ఫ్లాగ్' అంతా పాడించి, ఆపైన తమ కొత్తవి వినిపించారు.

మనమూ ఘంటసాల పాటలు పిల్లలచేత పాడించవచ్చు. కొత్త పాట పుట్టనిచోట వాళ్ళకు తెలుగు తాతలనాటి మాటగానే మిగులుతుంది. ఈసారి చీటీమీద, "మీ సొంత పాట, తెలుగులో" అని వ్రాసి పంపుదామనుకొంటున్నాను.