రెండవ కన్ను చూస్తున్నదా?

మెల్లకన్ను అదృష్టమని మన ఊళ్లలో పెద్దలు అంటూ వుంటారు. ఆ మాట నమ్మి బిడ్డకు వైద్యం చేయించకుండా కాలం గడిపేవారు నేటికీ ఉన్నారు. అంతకంటె కష్టమైన సంగతి మరొకటి ఉన్నది. ఏ మెల్లా లేకుండా చక్కగా కనిపించే కన్ను కూడా లోలోపల చూడటం మానేసి ఉండవచ్చును. దీనినే సోమరి కన్ను అంటారు. వైద్యులు పెట్టిన పేరు ఆంబ్లియోపియా.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో మిలిటరీలో చేరాలని యువకులు తెల్లవారకముందే రోడ్ల మీద పరుగులు తీయడం మనమందరం చూసేదే. మా సంఘములోని ఒక యువకుడు అలాగే రెండేళ్లు కష్టపడ్డాడు. పరుగులో నెగ్గాడు. కంటి పరీక్షలో ఒక కన్ను మూసి చదవమన్నప్పుడు పెద్ద అక్షరాలు కూడా ఆనలేదు. రెండు కళ్లూ తెరచి ఉన్నంతకాలం ఆ లోపం అతనికే తెలియదు.

ఆ వార్త విని మేము వారి ఇంటికి వెళ్లాము. అతని అక్క కూతురు, ఐదేళ్ల పాప, అరుగు మీద ఆడుకుంటున్నది. ఈ లోపం కొన్ని కుటుంబాలలో ఒకరికి మించి కనబడుతుంది గనుక పాపను కూడా చూపించుదామని చెప్పాము. "గుంటకి కళ్లు బాగానే ఉన్నాయి గదా అయ్యగారూ, ఏటి చూపిస్తాం?" అన్నది మామ్మ. తల్లి మాత్రం ఒప్పుకున్నది. విశాఖపట్నంలో కంటి ఆసుపత్రికి వారితో కూడ మేమును వెళ్లాము. పాప కుడికన్ను బాగున్నది. ఎడమ కంటికి ప్లస్ పవరు ఎక్కువగా ఉండి, చూపు చాలా తగ్గియున్నది.

అక్కడ డాక్టరుగారు ఓపికగా వివరించారు. కన్ను బొమ్మను పంపుతుంది, చూసేది మెదడు. ఒక కన్ను తేటగాను, మరొకటి మసకగాను పంపితే, మెదడు మసక బొమ్మను పక్కన పెట్టి తేట బొమ్మతోనే పని జరుపుకొంటుంది. కొన్నేళ్లకు అదే అలవాటుగా స్థిరపడుతుంది. పిల్లికూనల మీద పరిశోధించి, చిన్నతనంలో మూసి ఉంచిన కంటికి మెదడులో చోటు తగ్గిపోతుందని చూపిన హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రజ్ఞులకు 1981లో నోబెల్ బహుమతి లభించింది.

మరి కంటిలో ఏ మార్పూ ఉండదా? 1991లో వెలుగులోకి వచ్చిన ఓ.సి.టి. అనే పద్ధతితో రెటీనా పొరలను సూది గుచ్చకుండానే కొలుస్తున్నారు. దానినుండి వచ్చిన కొత్త పరీక్షలో సన్నని రక్తనాళాలు కూడా కనబడతాయి. సోమరి కంటిలో రెటీనా నడిమి భాగాన ఆ నాళాల అల్లిక కొంత పలచగా ఉన్నట్లు అనేక పరిశోధనలలో తేలింది. నరాల పొర విషయంలో ఫలితాలు ఒక్క తీరుగా లేవు. కొన్నిటిలో అది మందంగా ఉన్నది, మరికొన్నిటిలో మామూలుగానే ఉన్నది. ఈ మార్పులు చూపు తగ్గడానికి కారణమా, దాని ఫలితమా, కనుగుడ్డు పొట్టిగా ఉండటంవల్ల కొలతలో వచ్చిన తేడాయా అన్నది శాస్త్రజ్ఞులు ఇంకను చర్చిస్తున్నారు. గనుక ఆ పటాలు చూసి తల్లిదండ్రులు బెదరిపోనక్కరలేదు. రెటీనాలో వేరే జబ్బు లేదని నిర్ధారించుకోవడానికి అవి ఉపయోగపడతాయి. చూపును కొలిచేది అక్షరాల పట్టికే.

తిరుగు ప్రయాణంలో ఆ తల్లి, "మేం ఏ పాపం చేసినామో" అని కన్నీరు పెట్టుకున్నది. యోహాను సువార్త 9వ అధ్యాయంలో శిష్యులు అడిగిన ప్రశ్న కూడా ఇదే. ప్రభువు ఆ నిందను పుట్టుగుడ్డివాని మీద గాని, అతని తల్లిదండ్రుల మీద గాని మోపలేదు. ఆ సంగతే ఆమెకు చెప్పాము.

వైద్యం ఖరీదైనది కాదు. మొదట సరియైన కళ్లజోడు. తర్వాత బాగున్న కంటికి పట్టీ వేసి సోమరి కంటిచేత పని చేయించాలి. ఏడేళ్లలోపు పిల్లలలో లోపం మధ్యరకంగా ఉంటే రోజుకు 2 గంటల పట్టీ 6 గంటల పట్టీతో సమానంగా పనిచేసిందని 2003లో అమెరికాలో జరిగిన పరిశోధన చూపింది. 7 నుండి 12 ఏళ్ల పిల్లలలో కూడా వైద్యం పొందినవారిలో సగానికి పైగా మెరుగుపడ్డారని 2005లో తేలింది. అయినను ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు.

పాప మొదట్లో పట్టీ పీకి పారేసేది. మామ్మే పక్కన కూర్చుండి చింతగింజలు లెక్క పెట్టించేది. ఆరు నెలలకు పాప ఎడమ కంటితో మూడు వరుసలు అదనంగా చదివింది. మేనమామకు ఆ వయస్సు దాటిపోయింది. అతడు ఇప్పుడు వ్యవసాయం చేస్తూ, నూర్పుల కాలంలో గట్టి అద్దాలు పెట్టుకుంటున్నాడు. వడ్ల గింజ తగిలి ఆ మంచి కన్ను పుండు పడితే అతనికి ఆధారమేమున్నది?

ప్రియ పాఠకులారా, 2019 అక్టోబరులో మన రాష్ట్రంలో కంటి వెలుగు కార్యక్రమం మొదట బడిపిల్లలతోనే ప్రారంభమైంది. అటువంటి పరీక్ష ఎప్పుడో వస్తుందని ఎదురుచూడకండి. మీ బిడ్డకు ఒక్కొక్క కన్ను మూసి, గోడమీది క్యాలెండరు అంకెలు చదివించండి. ఒక కన్ను మూసినప్పుడే బిడ్డ ఏడ్చినా, చేయి తోసివేసినా తేలికగా తీసుకోకండి. చదువు రాని పసివాడైతే, ఏ అనుమానమూ లేకపోయినా, బడిలో చేర్చకముందే ఒకసారి కంటి డాక్టరుకు చూపించండి.