పగడాల ఒడ్డున ఒక పగలు

పిల్లలూ! మీ ఇంట్లో ఎక్కడైనా పాత ఎర్రరంగు ఇరవై రూపాయల నోటు వుంటే, ఒకసారి తీసి వెనక వైపు చూడండి. కొత్త నోటు కాదు సుమా, దాని మీద వున్నవి ఎల్లోరా గుహలు. పాత నోటు మీద సముద్రమూ, కొబ్బరిచెట్లూ, కొండా కనిపిస్తవి. అది అండమాను దీవుల్లోని దృశ్యం. మొన్న జనవరిలో నేనూ, ఆరో తరగతి చదువుతున్న మా మనమరాలూ ఆ ఒడ్డుకు పడవలో వెళ్ళి వచ్చాం.

మేము బస చేసిన వూరిని మీ పుస్తకాల్లో పోర్టు బ్లేయరు అంటారు. 2024లో దానికి శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. ఆ వూళ్ళో తెలుగువాళ్ళు చాలామంది వున్నారు. మా గైడు కూడా తెలుగు కుర్రవాడే. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి చేపలవేటకు వచ్చి అక్కడే వుండిపోయాడట. "మాస్టారూ, పాప చెయ్యి పట్టుకోండి" అంటూ మమ్మల్ని పడవ ఎక్కించాడు. నేను బడిపంతులునని అతనికి ఎవరు చెప్పారో!

"మూడింటికల్లా తిరుగు పడవ. ఇక్కడ తొందరగా చీకటి పడుతుంది" అన్నాడు. ఎందుకో ఆలోచించండి. మన గడియారాలన్నీ కాకినాడ దగ్గరగా పోయే 82½ డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తవి. అండమానులు దానికి తూర్పున ఇంచుమించు 93 డిగ్రీల దగ్గర వున్నవి. ఒక డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్క కట్టండి. గడియారం మనదే, సూర్యుడు మాత్రం వాళ్ళకు ముప్పావు గంట ముందే వచ్చి, ముందే పోతాడు.

పడవ బయలుదేరిన కొద్దిసేపటికే రాస్ దీవి చేరాం. 2018లో దానికి నేతాజీ పేరు పెట్టారు. చుట్టూ నడవటానికి ఒక పూట కూడా పట్టనంత చిన్న దీవి. అయినా 1858 నుంచి ఎనభై యేళ్ళకు పైగా ఇంగ్లీషు దొరలు ఇక్కడ కూర్చునే అండమానులన్నిటినీ ఏలారు. వాళ్ళకు చర్చి, రొట్టెల బట్టీ, టెన్నిసు ఆడే చోటు, అన్నీ వుండేవి. అడవి కొట్టిందీ, రాళ్ళు మోసిందీ మన దేశం నుంచి తెచ్చిన ఖైదీలు. 1941 జూనులో పెద్ద భూకంపం వచ్చింది. మరుసటి యేడు మార్చిలో జపాను సైన్యం వచ్చి దిగింది. దొరల కాపురం అంతటితో సరి.

ఇప్పుడు ఆ మేడల్లో కాపురం వుంటున్నవి చెట్లు. పక్షి మర్రిజాతి పండు తిని గోడ మీద రెట్ట వేస్తుంది. అందులోని గింజ సున్నపు సందులో మొలకెత్తుతుంది. వేరు మట్టిని వెతుక్కుంటూ గోడ పొడుగునా కిందికి దిగుతుంది. నేల అందగానే లావెక్కుతుంది. మేము చూసిన ఒక గోడకు వేళ్ళు తాళ్ళు కట్టినట్టు అల్లుకుని వున్నవి. గోడను చీల్చినదీ ఆ వేళ్ళే, పడిపోకుండా పట్టుకున్నదీ ఆ వేళ్ళే! మచ్చల జింకలు మాత్రం దొరల గొడవ తమకు పట్టనట్టు మా చేతి సంచులను వాసన చూశాయి.

అక్కడి నుంచి నార్త్ బే. టిక్కెట్టు మీద దాన్ని కూడా దీవి అనే వేశారు. పటం తీసి చూడండి, అది దీవి కాదు, దక్షిణ అండమాను ఒడ్డులో ఒక మూల. ఆ మాట అంటే గైడు నవ్వి, "పడవలో వస్తే దీవే కదండీ, మాస్టారూ" అన్నాడు.

అక్కడ అడుగున అద్దం బిగించిన పడవలో పగడపు దిబ్బలు చూపిస్తారు. మీ అమ్మ మెడలోని ఎర్ర పగడం వేరు, దానికి ఇవి దూరపు చుట్టాలు. దిబ్బ కట్టే పగడపు జీవి చాలావరకు మీ చిటికెన వేలి గోరు కంటే చిన్నది. సముద్రపు నీటిలోని సున్నం తీసుకుని తన చుట్టూ గిన్నెలాంటి ఇల్లు కట్టుకుంటుంది. దాని వొంట్లో కంటికి కనపడనంత చిన్న నాచుమొక్కలు వుంటవి. అవి ఎండలో ఆహారం వండి పెడతవి, రంగూ ఇస్తవి. నీరు మామూలు కంటే వేడెక్కితే పగడం ఆ నాచును వెళ్ళగొట్టి తెల్లగా పాలిపోతుంది. నీరు త్వరగా చల్లబడకపోతే చచ్చిపోతుంది. 2010 వేసవిలో అండమానుల్లో చాలా పగడాలు అట్లా పాలిపోయినవి. బండలాంటి పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు పెరగటమే గొప్ప. మేము చూసిన ఒక బండ నా నడుమంత ఎత్తు వుంది. నేను పుట్టేనాటికే అది పెద్దదన్న మాట.

ఒడ్డుకు వచ్చాక మా మనమరాలి గుప్పెట్లో ఒక తెల్లని పగడపు ముక్క కనిపించింది. "బడిలో సైన్సు గదికి ఇస్తాను, తాతా" అంది. గైడు చూసి, "అక్కడ పెట్టేయమ్మా. విమానం దగ్గర సంచులు వెతుకుతారు. పగడం పట్టుకుపోవటం నేరం" అన్నాడు. నిజమే, 1972 నాటి వన్యప్రాణి చట్టం పగడాలకు కూడా వర్తిస్తుంది. పిల్లకు కళ్ళ నీళ్ళు తిరిగినవి. "ఇది చచ్చిపోయిందే గదా! తీసుకుంటే ఎవరికి నష్టం?" అంది.

నన్నడిగితే, చట్టం వుందని చెప్పి నోరు మూయించటం జవాబు కాదు. ఇద్దరం ఇసుకలో కూర్చున్నాం. గుప్పెడు ఇసుక తీసి చూడమన్నాను. అందులో పగడపు నలుసులు, గవ్వముక్కలు వున్నవి. చిలుక ముక్కులాంటి నోరున్న ఒక చేప పగడాన్ని కొరికి, నమిలి, ఇసుకగా విసర్జిస్తుంది. మిగిలిన పనిని అలలు చేస్తవి. చచ్చిన పగడమే ఈ ఒడ్డుకు ఇసుక. కొత్త పగడపు పిల్లలు అంటుకుని ఇల్లు కట్టటానికి పునాది కూడా అదే.

ఆమె ఏమీ అనలేదు. ముక్కను అటూ యిటూ తిప్పి చూస్తున్నది. ఇంతలో దాని కన్నంలో నుంచి మిరియపు గింజంత పీత ఒకటి తొంగిచూసి, చప్పున లోపలికి పోయింది.

"తాతా! ఇందులో ఎవరో వున్నారు!"

లేచి, ముక్కను ఎత్తిన చోటికే మోకాటి లోతు నీళ్ళలోకి వెళ్ళి జాగ్రత్తగా పెట్టింది. గైడు పడవ దగ్గర నుంచి రెండుసార్లు కేక వేశాడు. ఆ పీత మళ్ళీ బయటికి వస్తుందేమోనని ఆమె వంగి చూస్తూనే వుంది.