పేరు నిలవాలంటే



సంక్రాంతికి మార్కాపురం వచ్చిన మా అబ్బాయి అర్ధరాత్రి దాకా కంప్యూటరు ముందు కూర్చుని ఏవో పేర్లు మారుస్తున్నాడు. "ఏమి నాయనా, ఈ నామకరణ మహోత్సవం?" అన్నాను.

వందలాది సర్వర్లను ఒకేచోట వ్రాసిన ఆదేశాలతో తీర్చిదిద్దే 'పప్పెట్' అనే సాధనం 2005 నుండి ఉన్నదట. ఆ ఆదేశాల దస్త్రాలవే ఈ పేర్లు.

"వెనకటివాళ్లు ఒకదానికి 'కొత్త సర్వరు' అనీ, ఇంకొకదానికి 'హైదరాబాదు' అనీ పెట్టారు నాన్నా. కొత్తది పాతబడింది, హైదరాబాదుది ముంబయి చేరింది. పేరు నమ్మి మొన్న వేరే యంత్రాన్ని మార్చబోయాను" అన్నాడు.

2012లో క్రెయిగ్ డన్ వివరించిన పద్ధతిని వీరు అవలంబిస్తున్నారట. ఒక్కో యంత్రానికి ఒకే 'రోల్', అనగా పాత్ర. ఆ పేరు యంత్రం చేసే పనిని చెప్పాలి. ఆ పాత్రకు కావలసిన సామగ్రి 'ప్రొఫైల్'. దాని పేరు అందులోని సాంకేతికతను చెప్పాలి. పేరును బట్టే పప్పెట్ దస్త్రాన్ని వెదుక్కుంటుంది గనుక పేరొకటి, చోటొకటి అయితే పని సాగదు.

నాకు చిన్నయసూరి స్ఫురించాడు. బాలవ్యాకరణం సంజ్ఞా పరిచ్ఛేదంతోనే మొదలవుతుంది. పేర్లు స్థిరపడ్డాకనే సంధి, సమాసం. ద్రుతాంతమైన పదం ద్రుతప్రకృతికం, కానిది కళ. పదం ఏ కావ్యంలో ఉన్నదని కాదు, దాని స్వభావమేమిటని పెట్టిన పేర్లవి.

చోటును బట్టి పెట్టిన పేరు ఎన్నాళ్లు నిలుస్తుందో మా పడమటి ప్రాంతం వారికి వేరే చెప్పాలా? నేను పుట్టేనాటికి మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవి. 1970లో ఒంగోలు జిల్లా, 1972లో ప్రకాశం, 2025 ఆఖరున మార్కాపురం జిల్లా. ఊళ్లు కదలలేదు, గుండ్లకమ్మా కదలలేదు.

నా తప్పూ ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో ఉండగా బడి బీరువాలోని రికార్డు కట్టలకు 'పాతవి', 'కొత్తవి' అని చీటీలంటించినది నేనే. ఏళ్లు గడిచాక, పలకల పనిచేసుకునే పాత విద్యార్థి ఒకడు పుట్టినతేదీ కాగితం కోసం వచ్చాడు. అప్పటికి రెండు కట్టలూ పాతవే. మూడు రోజులు వెదికాను. దొరికేసరికి అతని దరఖాస్తు గడువు దాటిపోయింది. కట్టమీద సంవత్సరం వేసి ఉంటే నిమిషం పని. "ఫరవాలేదు లెండి అయ్యవారూ" అని నమస్కరించి వెళ్లాడు. ఆ నమస్కారం బరువు ఇంకా దిగలేదు.

తెల్లవారుజామున మావాడు ఒక దస్త్రం చూపి, "దీనికేం పేరు పెట్టమంటావు నాన్నా?" అన్నాడు.

"అదేం చేస్తుంది?" అన్నాను.

చెప్పాడు.

"అదే పెట్టు."