కూర్చునే చోటు

హైదరాబాద్,
ఆదివారం సాయంత్రం

పద్మా,

నీ ఉత్తరం అందిందే. మన కోఠి ఇంకా ఉందా, ఊరంతా మాల్స్ అయిపోయిందా అని అడిగావు. సుల్తాన్‌ బజార్‌ కిటకిట ఏమీ తగ్గలేదు. 2020 నుంచి నెత్తిమీంచి మెట్రో పోతోంది, అంతే. మ్యాచింగ్‌ బ్లౌజు ముక్కలకి నేనిప్పటికీ బడీచౌడీకే వెళ్తాను.

కానీ ఊరు పడమటికి జరిగిపోయింది. ప్రసాద్స్‌ ఐమాక్స్‌ వచ్చిన 2003లో నువ్వు ఇక్కడే ఉన్నావు కదా. తర్వాత 2009లో దుర్గం చెరువు ఒడ్డున ఇనార్బిట్‌, 2014లో కూకట్‌పల్లిలో ఫోరమ్‌ (ఇప్పుడు దాని పేరు నెక్సస్‌), 2018లో కొండాపూర్‌లో శరత్‌ సిటీ వచ్చాయి. 2023లో మీ కొచ్చి లులు కూడా కూకట్‌పల్లికి వచ్చేసింది. ఐటీ జీతాలు ఎటు వెళ్తే మాల్స్‌ అటే.

వీటిలో నాకు బాగా నచ్చింది ఫుడ్‌కోర్ట్. దాన్ని దాదాపు ఎప్పుడూ పై అంతస్తులోనే పెడతారు. ఆకలేసినవాడు ఎలాగైనా ఎక్కుతాడు, దారిలో బట్టలూ చెప్పులూ కనిపిస్తాయి. చాలాచోట్ల ఒక ఎస్కలేటర్‌ దిగాక రెండోది ఎక్కాలంటే షాపుల ముందు నుంచి చుట్టి రావాల్సిందే. వ్యాపారం సంగతి అలా ఉంచు. మనం కాలేజీలో ఉన్నప్పుడు ఆడపిల్లలం కూర్చోవడానికి ఈ ఊళ్లో చోటెక్కడ ఉండేది చెప్పు? గోకుల్‌ చాట్‌లో నిలబడి తినేవాళ్లం. ఇరానీ హోటల్‌కి వెళ్తే ఫ్యామిలీ గది అని కర్టెన్‌ వెనక్కి పంపేవాళ్లు. ఇప్పుడు మొన్న చూశాను, ఒక పెద్దావిడ ఒక్కతే టేబుల్‌ దగ్గర కూర్చుని, దోసె తిని, కళ్లజోడు తీసి తుడుచుకుని, గంటసేపు నింపాదిగా జనాన్ని చూస్తూ ఉంది. ఎవరూ లేవమనలేదు, ఎవరికోసం వచ్చారని అడగలేదు. ఎంత హాయిగా అనిపించిందో! మాల్స్‌ని ఎవరైనా తిడితే నాకు ఆవిడే గుర్తొస్తుంది.

అయితే అదే రోజు కింది అంతస్తులో చీరల షాపుకి వెళ్లాను. నాకు చీరలు చూపించిన అమ్మాయికి ఇరవై ఏళ్లు ఉంటాయేమో. సూపర్‌వైజర్‌ అటు తిరగ్గానే మడమని బూటులోంచి పైకి తీసి, కౌంటర్‌కి ఆనుకుని, ఒక కాలి బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటోంది. కాసేపు కూర్చోరాదా అమ్మా అన్నాను. "కెమెరాలో కనిపిస్తుంది మేడం" అంది. పొద్దున పదింటికి వస్తే రాత్రి తొమ్మిదిన్నరకి వదులుతారట. బాక్సు తెచ్చుకుని పార్కింగ్‌ దగ్గర మెట్ల మీద తింటారట, ఫుడ్‌కోర్ట్‌ ధరలు వాళ్లకెక్కడ అందుతాయి? ఆ మెట్ల మీద మాత్రమే కూర్చుంటాం అంది.

ఆ మాట నన్ను వదలడం లేదే. పై అంతస్తులో నాలాంటి వాళ్లకి వందల కుర్చీలు. అవి వేసిన మాల్‌కి అద్దె బాగా వచ్చేది కింద ఈ పిల్లలు అమ్మితేనే కదా. చాలా మాల్స్‌లో షాపు అద్దె అంటే కనీస అద్దె గానీ, అమ్మకాల్లో వాటా గానీ, ఏది ఎక్కువైతే అది. అందుకే అమ్మాయిలు ఎప్పుడూ చురుగ్గా, నిలబడి కనిపించాలి అంటారు. నిలబడితే చీరలు ఎక్కువ అమ్ముడవుతాయా? నేనైతే నమ్మను. సుల్తాన్‌ బజార్‌లో మనకి బట్టలు అమ్మిన సేట్లు పరుపు మీద కూర్చునే అమ్మారు, మనమూ వాళ్ల ఎదురుగా చెప్పులు విడిచి కూర్చునే కొన్నాం.

2018లో ఇక్కడి ప్రభుత్వం మాల్స్‌లో పార్కింగ్‌ మొదటి అరగంట ఉచితం అని ఆర్డరు ఇచ్చింది. బిల్లు చూపిస్తే గంట దాకా కూడా. మంచి పనే. కారు నిలపడానికి నియమం పెట్టగలిగినప్పుడు మనిషి కూర్చోవడానికి పెట్టలేమా? అదే ఏడాది మీ కేరళలో చట్టం మార్చారు, షాపుల్లో పనిచేసేవాళ్లకి సీటు ఇచ్చి తీరాలని. కోజికోడ్‌ మిఠాయి వీధిలో ఆడవాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడితే వచ్చిందది. 2021లో తమిళనాడు కూడా తెచ్చింది. మన దగ్గర కూడా అలాంటిది రావాలని మా కాలనీ మహిళా సంఘంలో అందరి చేతా సంతకాలు పెట్టిస్తున్నాను. లేబర్‌ కమిషనర్‌కి ఇద్దామని.

అందుకు నీ సాయం కావాలే. ఈసారి ఇడపల్లి లులుకో, ఎం.జి.రోడ్డు చీరల షాపులకో వెళ్లినప్పుడు కౌంటర్‌ వెనక తొంగి చూడు. స్టూళ్లు వేశారా, వేసినా కూర్చోనిస్తున్నారా, ఆ పిల్లల్నే అడిగి వివరంగా రాయి. మలయాళం నీకు బాగా వచ్చు కదా.

నీ
సరళ